నీళ్లు వదలడం

మంగళవారం మంగళవారం
పదకొండు ఇళ్లకు నీళ్లు వదలడం నా పని.

ఏథెన్స్‌లో, కిప్సెలి పేటలో,
గోడల రంగు వెలిసిన ఆరంతస్తుల మేడల్లో
కొన్నవాళ్లు రాని ఇళ్లు.
కుళాయి రెండు నిమిషాలు,
షవర్ రెండు నిమిషాలు,
ఫ్లష్ ఒకసారి.
వాడకపోతే గొట్టం వంపులో నీరు ఆరిపోయి
మురుగు కంపు పైకెక్కి
కొత్త సున్నానికి పట్టుకుంటుంది.
లాయర్లు రాసే కాగితాల్లో ఈ ముక్క ఉండదు.
ఏజెన్సీ కుర్రాడు స్తావ్రోస్‌కి నేనే చెప్పాను.
"నానూలీ, నువ్వేమైనా ఇంజనీరువా?" అని నవ్వాడు.
కుతాయిసిలో పదేళ్లు నీటి బోర్డులో చేశానని
అనలేదు.
తాళాలు తీసుకున్నాను.

ఏ తాళం ఎవరిదో తెలియడానికి దారాలు కట్టుకున్నాను.
ఎర్రది బేరూత్ డాక్టరుది.
పచ్చది ఇజ్మీర్ అన్నదమ్ములది.
నీలం దారం, నాలుగో అంతస్తు, షెన్యాంగ్ ఆవిడది.
తలుపు మీద లేని పేరు కరెంటు బిల్లు మీద ఉంది:
చియావ్ రుయిలాన్.
రెండున్నర లక్షల యూరోలు, అప్పటి రేటు.
ఇల్లు కొంటే ఐదేళ్ల కార్డు,
భర్తకూ, పిల్లకూ కలిపి.
అందులో ఒక్క రాత్రైనా పడుకోవాలన్న షరతు లేదు.

ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు.
ఇక్కడ ఇంటిని చూసి ఊరుకుంటారు.

నాకు ఈ ఊళ్లో పద్దెనిమిదేళ్లు.
ముగ్గురు ముసలమ్మలకు ఒళ్లు తుడిచి, అన్నం తినిపించి
చివరిదాకా సాగనంపాను.
ఇన్ని రోజులు పని చేసిందని
వాళ్ల పిల్లలు సంతకం పెట్టాలి.
అంత్యక్రియల హడావిడిలో
ఎవరికి గుర్తుంటుంది?

పోయినసారి వేలిముద్రల యంత్రం ముందు
కౌంటర్లో అమ్మాయి "మళ్లీ" అంది.
చీరుమాను తుడుచుకుని పెట్టాను.
"మళ్లీ."
బ్లీచ్ తిన్న వేళ్లు. గీతలు లేవు.
ఆ అద్దం మీద నేను
చెమ్మగా ఆనిన మరక మాత్రమే.
"క్రీమ్ రాసుకుంటూ ఉండండి, మూడు నెలలాగి రండి."
మంచి పిల్లే. విసుక్కోలేదు.

ఫిబ్రవరిలో నీలం దారం తలుపు లోపలి నుంచి తెరుచుకుంది.
చిన్న పెట్టె, ఉన్ని కోటు, చేతిలో ఫోను.
తను మాట్లాడితే ఫోను గ్రీకులో చెబుతుంది,
నా గ్రీకు విని దానికి నవ్వొచ్చి ఉంటుంది.
"ఇక్కడ భూకంపాలు వస్తాయా?"
వస్తాయి.
"ఇల్లు ఆగుతుందా?"
ఇన్నాళ్లూ ఆగింది.
తను కొన్నది ఒక బొమ్మను చూసి,
ఏదో హోటల్లో, భోజనాల ముందు.
ఆ బొమ్మలో కిటికీ నిండా సముద్రం ఉందట.
కిటికీలోంచి ఎదురింటి వాళ్ల ఏసీ డబ్బా కనిపిస్తోంది.

డాబా మీదకి తీసుకెళ్లాను.
నీళ్ల ట్యాంకు పక్కన మునివేళ్ల మీద నిలబడి
రెండు యాంటెనాల మధ్య చూస్తే
గోరంత సముద్రం.
చాలాసేపు నిలబడింది. ఫొటో తీయలేదు.
వేలిముద్రలు ఇవ్వడానికే వచ్చానంది.
ఎంతసేపు పట్టిందని అడిగాను.
చిటికె వేసి చూపించింది.
తర్వాత ఎందుకో తన బొటనవేలు వైపే చూసుకుంది.
అది తనది కానట్టు,
ఎవరో అప్పిచ్చినట్టు.

తెల్లారేసరికి వెళ్లిపోయింది.

కార్డు మీద ఆశకి నీళ్లొదిలేశావా అని
చెల్లెలు ఎకాతెరీనే ఫోనులో అడుగుతుంది.
నీళ్లు వదలడానికి నాకు జీతమిస్తారే అంటాను.
నవ్వుతుంది. రాత్రి నేను
వేళ్లకి వాజెలీన్ రాసుకుని, పాత మేజోళ్లు తొడుక్కుని
దొంగదానిలా పడుకుంటాను.

ఆ మంగళవారం నాలుగో అంతస్తులో
పరుపు మీద ప్లాస్టిక్ తీయకుండానే ఉంది,
దాని మీద ఒక మనిషి మేర ముడతలు.
సింకు పక్కన బోర్లించిన కప్పు.
కుళాయి తిప్పాను. ముందు తుప్పు రంగు, తర్వాత తెలుపు.
రెండు నిమిషాలయ్యాయి.
కప్పు తిప్పి పట్టాను.
తొమ్మిదేళ్లలో ఆ ఇంట్లో
నేను తాగిన మొదటి నీళ్లు అవి.
కాస్త ఇనుము రుచి.