గిరక పెట్టె

కాజీపేట్ల రైలు కట్ట వెంబడి పోతే
పొడుగాటి గోడ ఒకటి వస్తది.
గోడకు ఒకటే తలుపు. తలుపు పక్కన
నిలబెట్టిన పీపా లెక్క చెక్క పెట్టె.
పాల క్యాను అందుల పెట్టి గంట కొడితే
గిర్రున తిరిగి లోపలికి మింగుతది.
కాసేపటికి మళ్ళ ఇటు తిరుగుతది:
కడిగిన క్యాను,
దాని కింద మడతపెట్టిన చీటీ.
"రేపు ఉపవాసం. లీటరు చాలు."

మేం మల్లన్నకు పట్నాలేసే ఇంటోళ్ళం.
వాళ్ళ పండుగలన్నీ నాకు ఆ చీటీలే నేర్పినయి.
భస్మ బుధవారం నుంచి పాలు తగ్గుతయి.
నలబై దినాలు లోపల చాయ్ పొయ్యి ఎలగదు.
పాస్కా ముందు రోజు మాత్రం
"నాలుగు లీటర్లు, వీలైతే అయిదు."
ఆ అయిదు కింద గీత కొట్టి ఉంటది.
పాయసం, అని మా అవ్వ నవ్వేది.

రాసే చెయ్యి ఎట్లుంటదో
ఇరవై రెండేండ్ల సంది చూసింది లేదు.
గొంతు తెలుసు. సిస్టర్ ఇన్నాసమ్మ.
కొంచెం పరకాల యాస, కొంచెం దగ్గు.
"పిల్ల పెద్దగైందా ఐలవ్వా?" అని అవ్వను అడిగితే
నేను ఇవతల తల ఊపేదాన్ని,
కనబడదని మరిచి.

లోపల ఇనుప జాలి ఉంటదట.
సొంత తమ్ముడొచ్చినా ఆ జాలి వెనకనుంచే మాట.
జాలి అని పేరెందుకు పెట్టిన్రో, అనేది అవ్వ.

తొలకరి ముంగట, సత్ప్రసాద పండుగ దగ్గరపడితే
గోడ చుట్టూ గోధుమపిండి కాలే వాసన.
ఏడూర్ల గుడులకు అప్పాలు ఇక్కడివే.
గుండ్రంగ కత్తిరించినంక మిగిలిన రేకులు
పొట్లం కట్టి పెట్టెల తిప్పేటోళ్ళు.
నేను, సారయ్య ఆ తొర్రల నుంచి
ఒకరి కన్ను ఒకరం చూసుకుంట తిన్నం.
"తినొచ్చా?" అని ఒకసారి భయపడి అడిగిన.
"తినుండ్రి. ఇంకా దేవుడు కాలే."

ఒక సద్దుల బతుకమ్మ నాడు
క్యాను మీద నాలుగు తంగేడు కొమ్మలు,
గుప్పెడు గునుగు పెట్టి తిప్పిన.
ఎవరూ అడగలే. పెట్టె శానాసేపు తిరిగి రాలే.
ఆ పొద్దు గూకే యాళ్ళకు
(మాట్లాడుకునే గంట, దినానికి ఒకటే)
గోడ అవతల చప్పట్లు వినబడ్డయి. పాట లేదు.
ఒక అడుగు, వంగి ఒక చప్పట్,
లేచి ఇంకొకటి.
మా వాకిట్ల తిరిగే తీరే.
కొత్తగ చేరిన పిల్లెవరో, కాలు మరువనిది.
తెల్లారి చీటీల: "మాత పీఠం మీద పెట్టినం."

వానలు కుమ్మరించిన ఆ ఏడు
చీటీల పాల ముచ్చటే లేదు.
"రాత్రి బల్లార్షా బండి రాలేదు. ఏమైంది?"
నడి రాత్రి జపానికి ఆ బండి కూతే వాళ్ళకు గడియారమట.
వినబడకపోతే
పండుకోకుంట కూసున్నరట మొత్తం పదకొండు మంది,
ఎవరున్నరో తెలియని పెట్టెల కోసం, పేర్లు లేకుంట.
స్టేషన్‌కు ఉరికిన. పట్టాల మీద నీళ్ళు,
బండి హసన్‌పర్తి అవతలనే ఆగింది.
మళ్ళ వచ్చి చెక్కకు నోరానిచ్చి చెప్పిన:
"అందరు మంచిగనే ఉన్నరట."
లోపల ఊపిరి వదిలిన సప్పుడు.
ఒక్కరిది కాదు.

మొన్న ఆత్మల పండుగ దాటి మూడో నాడు
చీటీ మీద అక్షరాలు వేరే.
"రేపటి నుంచి పావు లీటరు తక్కువ."
ఏ పండుగకూ ఇంత చిన్న లెక్క రాదే!
"ఉపవాసమా అమ్మా?"
"కాదక్కా," అన్నది పడుసు గొంతు ఒకటి.
ఇంకేం అనలే.
దగ్గు కోసం చెవి పెట్టి నిలబడ్డ.

తెల్లారి నా చెయ్యి పాత లెక్కనే పోసింది.
పెట్టె గిర్రున పోయింది, వచ్చింది.
క్యాను ఎప్పటి లెక్క కడిగి లేదు.
అడుగున ఆ పావు
అట్లనే ఉంది.