ఇరవై మూడు సుద్దగీతలు

మా ఊళ్ళో ఆ రాయికి పేరుంది: అమాంద్రె.
మా బాస్క్ మాటలో అమ్మమ్మ అని.
నూట తొంభై కిలోల అమ్మమ్మ.
గుండ్రం కాదు, పలక కాదు,
నడుం దగ్గర కాస్త వాలు.
ఆ వాలులో ఎడమచేయి ఎక్కడ పెట్టాలో
తెలిసినవాడికి లేచేది,
తెలియనివాడి వేళ్ళు నలిపేది.

అరవై ఏడు, సెప్టెంబర్ సంత.
నాకు పదేళ్ళు. పెలోటా ఆడే గోడ పక్కన
సుద్దముక్క ఇచ్చి నిలబెట్టారు,
లేపినప్పుడల్లా ఒక గీత గియ్యమని.
లేపేవాడు బిషెంటే, బొగ్గుబట్టీల మనిషి.
గోళ్ళ కింది నలుపు పెళ్ళినాడు కూడా వదల్లేదట.
పది నిమిషాలు.
తోలు కోటు, నడుముకు ఎనిమిది చుట్లు గుడ్డ.
తొడల మీదికి, పొట్ట మీదికి,
అక్కడ ఒక్క ఊపిరి ఆగి
భుజం మీదికి.
పన్నెండు దాకా పందేలు అరిచారు జనం.
పదహారు దగ్గర అరుపులు అణిగాయి.
ఇరవై దగ్గర నా చేతిలో సుద్ద చెమటకి మెత్తబడింది.
ఇరవై మూడు గీసేసరికి
చర్చి గడియారం కొట్టింది.
మా నాన్న రెండు ఎడ్లు గెలిచి ఏడ్చాడు.

ఆ అంకెని గోడ మీద రంగుతో రాశారు.
రాసింది సున్నం గోడ మీదే, అయినా శిలాశాసనమైంది.
తర్వాత వచ్చినవాళ్ళ లెక్కంతా నా దగ్గరుంది,
సుద్ద నా చేతిలోనే ఉండిపోయింది గనక.
పక్క లోయ కసాయి, పద్దెనిమిది.
అన్నదమ్ములిద్దరిలో ఒకడు పందొమ్మిది,
రెండోవాడు మూడు, నడుం పట్టేసింది.
బిల్బావో జిమ్ములో కండలు పెంచినవాడు
పదకొండు, ఒక బూతు.
బిషెంటే ప్రతిసారీ ముందు వరసలో కూర్చునేవాడు,
ఓడినవాడికి తన డబ్బుతో సైడర్ పోయించేవాడు.
"ఇంకెన్నాళ్ళు మోయిస్తార్రా నాచేత దీన్ని" అనేవాడు.
రాయినా, అంకెనా, ఎవరూ అడగలేదు.

ఆఖర్న ఒయెర్ వచ్చాడు, రొట్టెల మద్దలేన్ కొడుకు.
పిండిబస్తాలు మోసిన వీపు.
మొదటేడు ఇరవై.
మరుసటేడు ఇరవై రెండు,
ఇరవై మూడోది భుజం అంచుదాకా వచ్చి జారింది.
గంట కొట్టాక కూడా వాడు రాయిని వదల్లేదు.
బిషెంటే వెళ్ళి వాడి చెవిలో ఏదో చెప్పాడు.
ఎడమచేయి సంగతే అయ్యుంటుంది.

ఆ ఫిబ్రవరిలో కొండ మీది గాలి కత్తిలా వీచింది.
వాలులో వెంట్రుకంత పగులు,
ఎన్నేళ్ళ వాన తాగిందో,
ఒక రాత్రి ఆ నీళ్ళు గడ్డకట్టాయి.
ఎవరూ లేపకుండా, ఎవరూ చూడకుండా
రాయి బద్దలైంది.
రికార్డు బద్దలు కాలేదు.

ఒయెర్ వారం రోజులు సరిగ్గా తిండి తినలేదు.
"గుండె రాయి చేసుకోమను" అన్నాను మద్దలేన్‌తో.
"రాయి మాత్రం ఏపాటి గట్టిది" అంది.

"ఇక నిన్ను కొట్టేవాడు పుట్టడు" అంటూ
బిషెంటే వీపు చరిచారు అందరూ, ఎనభై దాటిన వీపు.
ఆయన వంగి ముక్కల మధ్య చెయ్యి పెట్టాడు.
లోపల తెలుపు. కల్లుప్పులా మెరిసే తెలుపు.
అన్నిసార్లు కౌగిలించుకుని ఎన్నడూ చూడనిది.
"వాడికి ఒక్కటే తక్కువైంది" అన్నాడు.

కొత్త రాయి తెచ్చారు. అదే క్వారీ, అదే బరువు.
బిషెంటే శిల్పి పక్కనే మూడు రోజులు కూర్చుని
ఎడమచేయి పెట్టి పెట్టి చూపించి
ఆ వాలు చెక్కించాడు.
ఒయెర్ ఇరవై ఆరు లేపాడు.
ఇరవై నాలుగో గీత నేను గీస్తుంటే
ముసలాయన లేచి నిలబడి టోపీ తీశాడు.
కమిటీ ఒప్పుకోలేదు. రాయి వేరు, వరస వేరు అంది.
గోడ మీద కింద, చిన్న అక్షరాల్లో రాశారు.
బిషెంటే ఆ ఏడు సైడర్ ముట్టలేదు,
మరుసటేడు లేడు.

అమాంద్రె ముక్కల్లో ఒకటి
ఇప్పుడు మా కొట్టు గుమ్మానికి మెట్టు.
పొద్దున్నే ఊడుస్తూ, వీధిలో ఎవరూ లేకపోతే,
చీపురు పక్కన పెట్టి వంగుతాను.
ఎడమచేయి దానంతటదే వాలులోకి పోతుంది.
లేవదు.
సగమే కదా,
అయినా లేవదు.