గుడ్డచాటు బేరం

మిర్చి యార్డులో మా నాన్న యలమంద
ధర నోటితో చెప్పేవాడు కాదు.
భుజమ్మీది తుండు దింపి
కొనేవాడి చేతి మీద కప్పి
దాని కింద వేళ్ళు పట్టుకునేవాడు.
ఒక వేలైతే ఒకటి,
అన్నీ కలిపి పట్టుకుంటే ఐదు,
నొక్కి వదిలితే, ఇంకో మెట్టు ఎక్కమని.
చుట్టూ నలభై మంది నిలబడి
గుడ్డ కదలడం చూసేవాళ్ళు, అంతే.
తేజా టిక్కీల మీద కూర్చుని
తుమ్ముకుంటూ నేనూ చూసేదాన్ని.
"లోపల ఏముంది నాన్నా?" అంటే
"ఏముంటై, చేతులేగా" అనేవాడు.

ఇప్పుడు నాది అరండల్‌పేటలో ఆరడుగుల కొట్టు.
రీఛార్జీలు, పగిలిన అద్దాలు,
నీళ్ళలో పడేసి బియ్యంలో పెట్టి తెచ్చిన ఫోన్లు.
అడిగినవాళ్ళకి ఒక యాపు కూడా వేసిచ్చేదాన్ని,
తాళంకప్ప బొమ్మది.
నొక్కితే
బ్రాడీపేట రెండు బై పద్నాలుగులో కూర్చున్న మనిషి
నెదర్లాండ్స్‌లో ఉన్నట్టు కనపడతాడు.
ట్యూషన్ పిల్లలు క్రికెట్ కోసం వేయించుకున్నారు,
వాళ్ళ సంగతి వదిలెయ్.
ప్లీడరు గుమస్తా ఏసుపాదం ఎందుకో చెప్పలేదు,
నేనడగలేదు.
పెద్దాసుపత్రి నర్సు నాగూర్‌బీ మాత్రం
కౌంటరు మీదికి వంగి
తన ఒంట్లో ఒక గడ్డ గురించి చదవాలంది,
ఇంట్లో వైఫై మరిది పేరున ఉందంది.

ఏటుకూరు రోడ్డు గోదాం తగలబడ్డప్పుడు
ఆ వార్త రెండు రోజులు తెరుచుకోలేదు.
తెల్ల తెర, మధ్యలో ఒకటే ముక్క:
ఉత్తర్వుల మేరకు.
ఎవరివో, ఎందుకో లేదు.
ఊరంతా కారం పొగకి దగ్గుతూనే ఉంది,
తాళంకప్ప నొక్కినవాళ్ళకే
మంట కనపడింది.

తర్వాత ఒక మంగళారం
తాళంకప్ప గిర్రున తిరగడం మొదలెట్టి
ఇక ఆగలేదు.
కంపెనీవాళ్ళు నాలుగు ముక్కలు పంపారు.
మీ పేర్లూ చిరునామాలూ ఐదేళ్ళు రాసిపెట్టమన్నారు,
అది రాసేదానికి మేమెందుకు,
మిషన్లు ఎత్తుకుని పోతన్నాం, సెలవు.
"ఏందక్కా, పంజెయ్యట్లా?"
పొద్దుటినించీ అదే మాట.

మధ్యాహ్నం నేను డబ్బా మూత తీశాక
ఒకాయన వచ్చాడు.
పోలీసు కాదు. కానట్టూ లేడు.
మంచినీళ్ళు అడిగి తాగాడు.
"ఎవరెవరికి వేశావమ్మా? ఊరికే, ఒక లిస్టు.
తప్పు చెయ్యనోళ్ళకి దాపరికం ఎందుకంట?"
అంటూ మోగిన తన ఫోను తీసి
అటు తిరిగి మాట్లాడి
బోర్లా జేబులో పెట్టుకున్నాడు.
రేపొస్తానన్నాడు.

యార్డులో లైట్ల బోర్డు పెట్టినప్పుడు
రైతులు సంతోషించారు. అబద్ధమెందుకు,
తుండు కింద వాళ్ళని ముంచినవాళ్ళూ ఉన్నారు,
ఎవరో నాన్నకి తెలుసు.
అయినా ఆ సాయంత్రం దడవాయిలు ఎళ్ళిపోయాక
తాలు కాయల కుప్ప పక్కన కూర్చుని
గోళ్ళలో మిగిలిన ఎరుపు చూసుకుంటూ
"కొట్టేవాడు గుడ్డ లేకపోయినా కొడతాడే" అన్నాడు.
"లేనోడికే చెయ్యి దాచుకునే చోటు పోయింది."
తుండు ఉతికి తీగ మీద వేశాడు.
చాన్నాళ్ళు అక్కడే ఉంది అది.

లిస్టు కాయితం మీద ఒకటి అని వేశాను.
పక్కన నా పేరు రాశాను.
రెండు వెయ్యలేదు.

చీకటి పడ్డాక నాగూర్‌బీ వచ్చింది,
డ్యూటీ బట్టల్లోనే.
కొట్టు ముందు ఇంకో ఇద్దరున్నారు.
నోరు తెరవబోయి మూసుకుంది.
నేను ఫోన్లు తుడిచే తుండు తీసి
కౌంటరు మీదున్న ఆమె చేతిని కప్పి
లోపలికి చెయ్యి పోనిచ్చి
వేళ్ళన్నీ కలిపి పట్టుకున్నాను.
ఐదు.
ఆ లెక్క ఆమెకెట్లా తెలుస్తుంది?
నర్సు కదా, నా మణికట్టు దాకా వేలు జరిపి
నాడి చూసింది.
గుడ్డ కాస్త కదిలింది.
నిలబడ్డ ఇద్దరూ
అది చూశారు, అంతే.