కాటా

నాలుగు వందల పన్నెండు లైన్లు.
పడవ పేరు, చేప పేరు, తూకం, పాట ధర.
అంతే రాశాను ఆ వానాకాలం
మల్కాపురంలో, నైట్ షిఫ్ట్ దిగొచ్చి, నిద్ర పట్టక.
ఎవరైనా వాడుకోండి, మార్చుకోండని
తలుపు తీసే ఉంచాను.

తీసిన తలుపులోంచి గాలి ఒక్కటే వస్తుందా?

మంగుళూరు నుంచి సదానంద అడిగాడు
తప్పు కొడితే వెనక్కి తీసుకునే బటన్.
కాకినాడాయన అప్పుల ఖాతా.
పేరు చెప్పని ఇంకెవరో, చీకటి రంగు తెర.
తూత్తుక్కుడి కుర్రాడైతే అడగలేదు,
తొమ్మిది వందల లైన్లు తనే రాసి పంపాడు
చంటిబిడ్డని తెచ్చి ఒళ్ళో పెట్టినట్టు.
"చాలా బాగుంది, కానీ" అని రాసి
కానీ తర్వాత ఏం రాయాలో తెలీక
డాల్ఫిన్ నోస్ మీద లైట్‌హౌస్ ఎన్నిసార్లు వెలిగిందో
లెక్కపెడుతూ కూచున్నాను.

వాళ్ళకేం తెలుసు,
తెల్లారగట్ల నాలుగింటికి ఫిషింగ్ హార్బర్లో
పగిలిన ఫోన్ని కొంగుతో తుడిచి
పోలమ్మ బొటనవేలొక్కటే నడుస్తుందని,
అద్దం మీద పొలుసు అంటుకునుంటుందని.
ప్రతి కొత్త బటనూ
ఆ వేలికి అడ్డంగా దించిన లంగరే.

కాదు, కాదు అంటూ
కాదనడం రుచి మరిగాను, చెప్పొద్దూ.

ఓ రోజు పోలమ్మే పట్టుకుంది:
"కోనాం పన్నెండు కిలోలు కొట్టబోయి
నూటిరవై కొట్టీసినాను బాబూ.
ఎనక్కి రాదేటిది?
నీ కాటా కన్నా నా ఇనప కాటాయే నయం,
రాయి తీస్తే ముల్లు ఎనక్కొచ్చీస్తాది."

సదానంద మూడుసార్లు అడిగాడు.
మూడుసార్లూ మర్యాదగా ఒకటే జవాబిచ్చాను:
సింపుల్‌గా ఉండనివ్వండి.

ఆ రాత్రి బటన్‌కి చోటు వెతుకుతుంటే
తెర అడుగున ఒక అల కదులుతోంది.
నీలంగా. ముప్పై ఒక్క లైన్ల అల.
ఎవ్వరూ అడగలేదు దాన్ని,
మొదటిరోజు నేనే ముచ్చటపడి పెట్టుకున్నాను.
ఊరందరి ముచ్చట్లూ తూచాను ఇన్నాళ్ళూ,
ఇదొక్కటే కాటా ఎక్కలేదు.

తీసేశాను.
సదానందకి రాశాను, మీరన్నదే నిజం,
ఇంత ఆలస్యమైనందుకు మన్నించండి అని.
తూత్తుక్కుడి కుర్రాడికి ఇప్పటికీ కాదనే,
కాకపోతే ఈసారి కానీ తర్వాత
పోలమ్మ వేలి గురించి రాశాను.

నాలుగు వందల మూడు లైన్లు.

పొద్దున్నే ఆవిడ ఒకసారి తప్పు కొట్టి వెనక్కి తీసింది.
మళ్ళీ కావాలనే తప్పు కొట్టి, వెనక్కి తీసి,
నవ్వింది.
అల ఏమైందని అడగలేదు.