ఎర్ర పలక, నీలం పలక

ప్రాగ్‌లో ప్రతి ఇంటికీ రెండు నంబర్లు.
మా ఆఫీసు గుమ్మం పైన కూడా
ఎర్ర పలక మీద ఎనిమిది వందల పదకొండు,
నీలం పలక మీద ఇరవై మూడు.
ఎర్రది, పేట దస్త్రంలో ఇల్లు ఎక్కిన వరస.
నీలంది, వీధిలో నడిచేవాడి వరస.
ఏది అసలుదని అడిగితే
పోస్టుమాన్ విసుక్కుంటాడు.

ఆ ఇంటి మూడో అంతస్తులో
మూడు రాత్రులుగా నాకు కునుకు లేదు.
ట్రామ్ బ్రేకు ప్రోగ్రాము బాగానే నడుస్తోంది,
బండి ఆగాల్సిన చోట ఆగుతోంది.
కానీ నా డీబగ్గర్‌ని ఆపి, వేగం ఎంత అంటే
ముప్పై రెండు అనాల్సిన చోట
మూడు వందల ఇరవై రెండు కోట్లు అంటోంది
తడబాటన్నది లేకుండా.

నాలుగో రోజు కార్లీన్ నుంచి లిబుషే వచ్చింది,
ఫ్లాస్కులో టీ, చెవి మీద పెన్సిలు.
కంపైలరు ఆమెది. ఇరవై ఏళ్లుగా ఆమెదే.
ఆ కోట్ల వంక చూసి,
'ఇది వేగం కాదోయ్, ఎవరిదో చిరునామా.
ఎప్పుడో పని ముగించుకు పోయిన ఫంక్షను
స్టాక్‌లో వదిలేసి పోయింది' అంది.

'నేను రాసిందేమిటి?
ఐదో రిజిస్టరు దగ్గర నిలబడి
పన్నెండు మెట్లు దిగితే వేగం దొరుకుతుంది, అంతే కదా.'
'అక్కడే దిగాను.'
'ఐదంటే నీకెవరు?'
'స్టాక్ పాయింటర్.'
ఆమె పెన్సిలు కింద పెట్టింది.
'నాకు ఫ్రేమ్ పాయింటర్. స్టాక్ నాలుగు.'

ఇన్నాళ్లూ పక్కింటి తలుపు కొట్టి
మా భోజనం ఏదని అడుగుతున్నాను.

చిప్పుకి ఈ గొడవ పట్టదు.
దాని లోపల వాటికి మూడో వరస ఒకటుంది,
అది మా ఇద్దరినీ అడిగి పెట్టుకున్నది కాదు.
తయారీదారు మొదటి పుస్తకంలో ఒక వరస,
రెండో ముద్రణలో నాలుగూ ఐదూ తారుమారు.
ఎవరి చేతి జారుపాటో,
దిద్దేలోపు సగం లోకం దాని మీద ఇల్లు కట్టేసుకుంది.
నేను చదివింది మొదటిది. ఆమె, రెండోది.

టీ చల్లారింది.
'మా ఇంటి ఎర్ర నంబరు నలభై ఏడు' అంది లిబుషే,
కిటికీ అద్దం మీద మంచు చూస్తూ.
'అదే వీధిలో నీలం నలభై ఏడు
అటు చివర, బేకరీ పైన.
నాన్నకి గుండె పట్టేసిన రాత్రి
మేడ మీది ముసలాయన ఫోను చేసి
చీకట్లో కనబడిన పలక చదివాడు.
అంబులెన్సు బేకరీ దగ్గర ఆగింది.'
'ఎంతసేపు?'
'పదకొండు నిమిషాలు.'
ఆ తర్వాతేమైందని నేను అడగలేదు.

ఇద్దరిలో ఒకరం మారాలి.
తప్పెవరిదని కాదు;
ఆమె అంకెలతో పుట్టిన ప్రోగ్రాములు
అప్పటికే డిపోల నిండా తిరుగుతున్నాయి.
నా పట్టికలో రెండు అంకెలు అటూ ఇటూ చేశాను.
రెండే అంకెలు. మూడు రాత్రులు.
పక్కన ఒక వ్యాఖ్య రాశాను, ఏ పుస్తకం, ఏ ముద్రణ,
తర్వాత వచ్చేవాడు దీన్ని సరిదిద్దబోకుండా.

వేగం: 32.
లిబుషే తల కూడా ఊపలేదు.
కోటు తొడుక్కుని, ఫ్లాస్కు మూత బిగించి,
మెట్ల మీద సగంలో ఆగింది.

'టాక్సీకి ఏ నంబరు చెప్పావ్?'
'ఇరవై మూడు.'
'నీలం అని చెప్పావా?'

మళ్ళీ ఫోను తీశాను.