కడబంతి

లాండ్రీ గది నాది.
అయోవాలో హార్లన్‌ఫర్డ్ కాలేజీ,
స్టేడియం మెట్ల కింద, కిటికీ లేదు.
ఇరవై రెండేళ్లుగా శనివారాల బురదని
ఆదివారాలు ఉతుకుతున్నాను.
నూట పది జెర్సీలు.
గడ్డి మరక ఒక పట్టాన వదలదు,
నెత్తురు చన్నీళ్లకి పోతుంది,
ఓడిన వాసనని మాత్రం
రెండుసార్లు తిప్పాలి.

ఆ వాసన మర్చిపోయి చాలా కాలమైంది.
వెండెల్ క్రోస్కీ కోచ్‌గా వచ్చాక
పదకొండేళ్లలో తొమ్మిది కప్పులు.
ఊళ్లో మంగలి ఆయన దగ్గర డబ్బు తీసుకోడు.

మార్చిలో ఆయన్ని మూడో అంతస్తుకి ఎక్కించారు,
అథ్లెటిక్ డైరెక్టర్‌గా.
తలుపు మీద కొత్త పేరు, పాత మేకులే.
"గెలిపించడం తెలిసినవాడికి
నడిపించడం తెలియదా?" అన్నాడు కాలేజీ ప్రెసిడెంటు,
కేకు ముక్క నోట్లో ఉండగానే.

నేనా పూట తువ్వాళ్లు మడత పెడుతున్నాను.
నన్నెవరూ అడగలేదు.
అడిగితే చెప్పేదాన్ని.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు.
ఈయన రచ్చే గెలిచాడు,
ఇంట్లో ఎన్ని గదులున్నాయో చూడలేదు.
మైదానంలో అవతలివాడు కనిపిస్తాడు,
వేరే రంగు చొక్కా తొడుక్కుని మరీ నిలబడతాడు.
ఈల ఉంటుంది, గడియారం ఉంటుంది,
ఆఖరికి ఎవరు నెగ్గారో
పాప్‌కార్న్ అమ్మే పిల్లాడికి కూడా తెలుస్తుంది.
మూడో అంతస్తులో పదిహేడు జట్లు,
అన్నీ మనవే.
ఒకరికి వేసిన ముద్ద
ఇంకొకరి పళ్లెంలోది.

మా లూథరన్ చర్చి విందుల్లో
ముప్పై ఏళ్లు గరిటె పట్టినదాన్ని, నాకు తెలుసు.
బంతి అంటే విసిరేదే కాదు,
తినడానికి కూర్చునే వరుస కూడా.
వడ్డించేవాడు మనవాడైతే
కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు.
ఫుట్‌బాల్ కుర్రాళ్లు కడబంతి మొహం
ఎన్నడూ చూడలేదు.
అక్కడ కూర్చున్నది ఈత పిల్లలు, పద్నాలుగు మంది.
కొలను పైకప్పు ఐదో లేన్ గట్టు మీద కారుతుంది.
కింద పెట్టిన పసుపు బకెట్టు నాదే.

ఏప్రిల్లో ఒక కాగితం తిరిగింది.
ఈత జట్టుని ఎత్తేస్తే మిగిలేది ఎంత,
అని మొదటి పేజీ.
కొత్త స్కోరుబోర్డు ఎంత, అని రెండోది.
రెండు అంకెలూ అక్కచెల్లెళ్లలా ఉన్నాయి.

ఆ రాత్రి పదింటికి కిందికి దిగొచ్చాడు.
పాత అలవాటే. ఓడిపోతామని భయం వేసిన వారం
నా డ్రైయరు మీద కూర్చునేవాడు,
వెచ్చగా ఉంటుందని.
"ఆర్డిస్, ఈత జట్టు కెప్టెన్ ఎవరు?"

నూట పది మంది మోకాళ్లు పేరుపేరునా తెలిసిన మనిషి,
ఎవరి తల్లికి ఏ ఆపరేషన్ జరిగిందో తెలిసిన మనిషి.

"మారిట్ యెల్లెన్," అన్నాను.
"వెల్లకిలా ఈదుతుంది.
ఆ కప్పు ఎక్కడ కారుతుందో
మనందరికన్నా ఆ పిల్లకే బాగా తెలుసు."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.
"ఇన్నాళ్లూ ఒకటే లెక్క చేశాను,
ఎవణ్ణి కూర్చోబెడితే గెలుస్తామా అని.
వచ్చే వారం వాడు మళ్లీ లేచేవాడు.
వీళ్లని కూర్చోబెడితే
లేవడానికి వచ్చే వారమే లేదు."
డ్రైయరు ఆగింది.
మళ్లీ తిప్పలేదు నేను.

మంచి డైరెక్టరు అవుతాడా?
ఏమో.
తొమ్మిది కప్పులు నాకేమీ చెప్పవు,
వాటిని తుడిచేదీ నేనే, లోపల బోలు.

మర్నాడు పొద్దున ఆరింటికి
బకెట్టు ఒంపుదామని వెళితే
ఆయనే పట్టుకుని నిలబడి ఉన్నాడు,
బూట్లు తడిసి,
ఎక్కడ పెట్టాలో తెలియక
రెండడుగులు ఎడమకి, ఒకడుగు కుడికి.
మెడలో ఈల ఉంది. ఊదలేదు.
నీళ్లలోంచి మారిట్ తల ఎత్తి
"ఇంకాస్త ఇటు," అంది.
జరిగాడు.

సంతకం ఇంకా పెట్టలేదట.
సోమవారం మీటింగు.
పైకప్పు సంగతి పైకప్పుది,
టప్పు టప్పుమంటూనే ఉంది.