ఖాళీ బరువు

పదకొండు మామిడి కాలాలు
లారీల బరువు రాసిన కంప్యూటరు ఇది.
మురకంబట్టు కాటా కాడ కొత్తది పెట్టినాక
పాత ఇనుము లెక్కన ఇచ్చేస్తామన్నారు.
ఒళ్ళో పెట్టుకోని బస్సులో తెచ్చినాను.
మూత ఊడదీస్తే
గుప్పెడు దుమ్ము, బల్లిగుడ్డు పెంకు ఒకటి,
ఫ్యాను రెక్కలకు ఇంకా తోతాపురి వాసన.

ఎందుకు తెచ్చినానంటే,
ముందరి గదిలో గుడ్డలు పోతా ఉండాయని
నేనే బిగించిన పన్నెండు నూర్ల కెమెరా
రేత్రి రెండు గంటలప్పుడు
ఎవురితోనో మాట్లాడతా ఉండాది.
రూటరు లెక్కల్లో చూసినాను:
పేరు లేదు, ఊరు లేదు,
చుక్కల నడుమ నాలుగు అంకెలు.
కొలతలకు ఆడోళ్ళు వచ్చే గది అది.
ధనకోటి మిషను తొక్కేది ఆపి అడిగింది,
"మనింటి సంగతి ఎవురికి మోస్తా ఉండాది?"

ఈ పాతదాన్నే కాపలాకు కూచోబెడదామనుకున్నా.
దానికి రెండు మూతులుండాల,
వీధి తట్టు ఒకటి, ఇంటి తట్టు ఒకటి.
బోర్డు మీద ఉండేది ఒక్కటే, అదీ మూలిగేది.
ఒక్క వాకిలితో కాపలా అంటే
దొంగా చుట్టమూ ఒక్క తావునే చెప్పులిడిచినట్టు.

మస్తాన్ అంగడికి మూడు ఆదివారాలు తిరిగినాను.
మొదట చూపించింది ఎండ్రకాయ బొమ్మ చిప్పుది, మూడు నూర్లు.
"పని చేస్తాదన్నా, ఎందుకు చెయ్యదు!"
చేస్తాది.
మూటలన్నీ ప్రాసెసరు నెత్తికెత్తి
తాను చేతులూపుకుంటా నడిచే కూలీ అది.
బరువు ముదిరితే అడ్డంగా పోతాది.
ఎండ్రకాయే గదా.

తర్వాతది నాలుగు మూతులది,
ఏదో బ్యాంకు సర్వరు మూసేస్తే పీకిందంట.
చూడంగానే ఆశ పుట్టింది.
ఇంట్లో ఉండేది ఇద్దరం.
పైగా దాని అంచు పొడుగు, మా గాడి పొట్టి,
ఆ వేడికి పాలు కాంచుకోవచ్చు.

ఆఖరిది రెండు మూతులది. ఇంటెల్ అని రాసుండాది.
రాసేదానికేమి, ఎవురైనా రాస్తారు.
నకిలీదైతే?
మస్తాన్ భూతద్దం చేతికిచ్చినాడు.
అక్షరాల అంచులు చూసినా, టంకం మెరుపు చూసినా,
చివరికి అరచేతిలో పెట్టుకోని
కండ్లు మూసుకున్నాను.
పదకొండేండ్లు కాటా కాడ కూచున్న చెయ్యి ఇది,
మంచీ చెడ్డా దీనికి తెలీదా అని.

తెలీలేదు.

ఎనిమిది నూర్ల యాభై ఇచ్చి
నమ్మి తెచ్చుకున్నా.

ఇంటికొచ్చినాక దాని రేకు పట్టీ పొట్టిదని తేలింది.
స్క్రూ అందదు, కార్డు ఊగతాది.
ధనకోటి వంగి చూసింది,
పండ్ల నడుమ సూది తీసి పక్కన గుచ్చింది,
జాకెట్టు హుక్కు ఒకటి పట్టకారుతో వంచి
సందులోకి దోపింది.
కదల్లే.

పాత డిస్కు తుడిచేముందు
నల్ల తెర మీద అది ఆఖరిసారి అడిగింది:
వాహనం నంబరు?
ఖాళీ బరువు?
ఏమీ కొట్టకుండా కొంచేపు కూచున్నా.

కొత్త కాపలా ఎక్కేపాటికి పన్నెండు దాటింది.
ఒక దీపం పచ్చగా, ఇంకోటి పసుపుగా.
తెల్లారిపాటికి
కెమెరా నాలుగు నూర్ల పన్నెండు సార్లు తలుపు కొట్టింది.
ఒక్కసారి గూడా తెరవలే.
రసీదు మాదిరి కాగితం మీద రాసి
ధనకోటికి చూపించినాను.

దారం కొరికి నవ్వింది.
"పెట్టిన రోజే దాని మొగాన గుడ్డ కట్టినా.
నువ్వు తలెత్తి చూసింటే గదా."

చూసినాను.
నేరేడు రంగు జాకెట్టు గుడ్డ, పిన్నీసు, నీటుగా ముడి.
ఇన్నాళ్ళూ ఏ దేశంలోనో ఎవుడో
రేత్రంతా మేలుకోని
నేరేడు రంగు చూస్తా ఉన్నాడన్నమాట.

సరే, విప్పి అమ్మేద్దామా అంటే
వద్దనింది.
మిషను కిందికి జరిపి
దాని పక్కన పాదాలు పెట్టుకోనింది.
"మార్గశిరం గదా,
వెచ్చగా ఉండాది, ఉండనీ."